మిద్దె తోటకొచ్చిన మరిది

మా మదనపల్లెలో టమాటా ధర పడిపోయిన రోజున రైతులు కాయలను రోడ్డు పక్కన కుప్పలుగా పారబోసి పోతారు. ఆవులు కూడా వాసన చూసి ముఖం తిప్పుకుంటాయి. అదే రోజు, అదే ఊళ్లో ఎవరో ఒకామె మిద్దె మీద పెయింటు డబ్బాలో కాసిన నాలుగు టమాటాలకు ఫొటో తీసి, "మా ఇంటి బంగారం" అని రాసి మా గ్రూపులో పెడుతుంది. ఇక దానికి దండాలు, చప్పట్లు, హృదయాలు. రోడ్డు మీద కుప్పకు లేని మర్యాద డబ్బాలోని కాయకు ఎందుకని నన్నెవరూ అడగకండి. నేను ఆ గ్రూపుకు అడ్మిన్‌ని, అంతే.

మాది విత్తనాల అంగడి. కొత్తిమీర విత్తనాలు కొనుక్కుపోయిన ఆడవాళ్లు వారం తిరక్కుండానే ఫోన్ చేసి, మొలక రాలేదని నన్ను తిట్టేవాళ్లు. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లాలని ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. అందరికీ ఒకేసారి చెబితే పీడా పోతుందని ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాను. అది మదనపల్లెలో మొదలై, దోసపాదు లాగా పుంగనూరు మీదుగా కుప్పం దాకా పాకింది. పుంగనూరు నుంచి ఒకాయన తమ ఊరి పొట్టి ఆవును మిద్దె మీదికి ఎక్కించి మొక్కల మధ్య నిలబెట్టి ఫొటో పెట్టాడు. ఎక్కించడం సరే, ఎట్లా దింపాడో మాత్రం రాయలేదు.

పురుగుల గురించి చెప్పడమే నా పని అనుకున్నాను. ఆకు వెనక పేనుబంక, కాయలో పుచ్చు, వేరులో చీడ. నేను ఏరాల్సిన పురుగులు ఆకు వెనక కాదు, ఫొటో కింద ఉంటాయని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఒకామె సొరకాయ ఫొటో పెట్టిందనుకోండి. సొరకాయను చూసేవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు దాన్ని పట్టుకున్న చేతిని చూస్తారు. "గాజులు బాగుండాయి" అంటాడొకడు. "ఈ చేతి వంట తినే అదృష్టవంతుడు ఎవురో" అంటాడింకొకడు. "మొక్క కనపడతాండాది, తోటమాలి యాడ?" అని మూడోవాడి బెంగ. ఆమె చెయ్యి కూడా కనపడకుండా జాగ్రత్తపడితే, నేల మీద పడిన నీడను చూసి వయసు కట్టే మహానుభావులు కూడా ఉన్నారు. ఇంత శ్రద్ధగా మొక్కలను చూసుకుని ఉంటే వీళ్ల పెరట్లో ఈపాటికి గంధం చెట్లు మొలిచేవి.

నేను ఆ మాటలు తీసేస్తే అంగడికే ఫోన్. "అక్కా, నా కామెంటు యాల తీసేసినావు? గాజులు బాగుండాయంటే తప్పా?" అని నిలదీస్తాడు. "ఇది తోటల గ్రూపప్పా, గాజుల అంగడి పక్క వీధిలో ఉండాది, పోయి ఆడ చెప్పు" అంటాను. వాడికి కోపం. మనవళ్లున్న మనిషి, నెరిసిన మీసాలు, అయినా అలిగి గ్రూపులో నుంచి వెళ్లిపోతాడు. మర్నాడు వేరే పేరుతో వస్తాడు. మా ఆయన ఇదంతా చూసి, "నువ్వు పెట్టింది తోట గ్రూపా, పోలీస్ స్టేషనా?" అని నవ్వేవాడు. ఆయనకేం, ఆయన సొరకాయ పట్టుకుని ఫొటో దిగితే గాజుల గురించి అడిగేవాళ్లు లేరు.

ఒక్కదాన్నే తట్టుకోలేక పుంగనూరులో ఉండే ఒక పెద్దాయనను రెండో అడ్మిన్‌గా పెట్టుకున్నాను. హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఏ కాలమైనా చేతిలో గొడుగు. ఆయన మాటకు ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ ఉండదని నా ఆశ. ఎదురుచెప్పే ధైర్యం చివరికి నాకే లేకుండా పోయింది. వచ్చీ రాగానే, ఇద్దరం ఒప్పుకుంటే తప్ప ఎవరి మాటా తీసేయకూడదని కట్టడి పెట్టారు. "ఒగరే ఫిర్యాదు చేసి, ఒగరే తీర్పు చెప్తే దాన్ని న్యాయం అనరమ్మా" అన్నారు. ఆ న్యాయం కోసం నేను రోజుకొక పూట ఆయనకు ఫోన్ చేసి, "సార్, ఒకడు ఫలానా ఆమె జడను చూసి గోంగూర కట్టలా ఉందన్నాడు, తీసేద్దామా?" అని అడగాల్సి వచ్చేది. ఆయన కాసేపు ఆలోచించి, "జడ నిజంగా పొడుగా?" అని అడిగేవారు.

ఇట్లా కాదని ఒక ఆదివారం పుంగనూరు వెళ్లి ఆయన ఇంట్లోనే కూర్చున్నాను. ఆయన భార్య బొరుగులు, మిరపకాయ బజ్జీలు పెట్టింది. ఆయన బజ్జీ తొడిమ పక్కన పెట్టి, తన ఆలోచన బయటపెట్టారు.

"సూడమ్మా, మన పక్క వరస లేకుండా ఎవురన్నా మాట్లాడతారా? బస్సులో పక్కన కూచున్నోణ్ని అప్పా అంటాము. కూరలమ్మే ఆమెను అమ్మా అంటాము. ఈ ఫోన్లో మాత్రం వరస లేదు. వరస లేకపోయేసరికి నోరు దారి తప్పుతాండాది. ఎవురు ఎవురితో మాట్లాడినా వరస పెట్టి పిలవాలని రూలు పెడదాం. అక్కా అని నోరారా పిలిచినోడు ఆ నోటితోనే చెడ్డమాట యాడ అంటాడు?"

బజ్జీల మహిమో ఏమో గాని నాకు ఆ మాట భలే నచ్చింది. నిజమే కదా అనిపించింది. ఆ సాయంత్రమే రూలు రాసి గ్రూపు నెత్తిన అంటించాం. పెద్దలంతా మెచ్చుకున్నారు. సంస్కృతి అంటే ఇదీ అని ఒకాయన పద్యం కూడా రాశాడు.

కొన్నాళ్లు గ్రూపంతా పెళ్లి భోజనాల బంతిలా కళకళలాడింది. "అక్కా, వంకాయ బాగుండాది అక్కా." "సంతోషం తమ్ముడూ." "పిన్నమ్మా, నిమ్మచెట్టుకు పూత రాలిపోతాండాది పిన్నమ్మా." చదువుతుంటే నాకే కళ్లు చెమర్చేవి. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

తంటా మొదట అక్కలకే మొదలైంది. "అక్కా, వంగి కలుపు తీస్తాంటే నడుము నొప్పి రాదా అక్కా? తలచుకుంటే నాకు నిద్ర పట్టదక్కా." నేను హెడ్మాస్టరుగారికి ఫోన్ చేశాను. "మాటమాటకూ అక్కా అనే అన్నాడు గదమ్మా, తమ్ముడు దిగులుపడినాడు, అంతే" అన్నారాయన. ఆ తమ్ముడి దిగులు గ్రూపులో అట్లాగే ఉండిపోయింది.

అసలు ముప్పు అది కాదు. మా పక్క వరస పెట్టాలంటే ముందు వరస కలపాలి. బస్సులో ఇద్దరు ముసలివాళ్లు పక్కపక్కన కూర్చుంటే, టికెట్టు తీసుకునే లోపల ఊరు, ఇంటిపేరు, ఎవరి కూతురు, ఎవరి కోడలు అన్నీ బయటికొస్తాయి. దిగేలోపల ఎక్కడో ఒక మేనత్త దొరుకుతుంది. అది మాకు అలవాటు, ఆ అలవాటు బస్సులో బాగానే ఉంటుంది. మా రూలు పుణ్యమా అని ఇప్పుడు ప్రతి వంకాయ కిందా అదే విచారణ. "మీదే ఊరమ్మా? పుట్టినిల్లు యాడ? మెట్టినిల్లు యాడ? ఇంటాయన ఏం చేస్తాడు? ఏ వీధి? వరస కలపాల గదా, అందుకు అడిగినా." అంతకుముందు ఈ ప్రశ్నలు అడిగినవాణ్ని నేను మెడపట్టి బయటికి గెంటేదాన్ని. ఇప్పుడు అడగకపోతేనే తప్పు. అడిగితే చెప్పకపోవడం పొగరు. పాపం ఆడవాళ్లు బుద్ధిగా చెప్పేవాళ్లు. దొంగ చేతికి తాళంచెవి మేమే ఇచ్చాం, తుప్పు పట్టకుండా నూనె రాసి మరీ ఇచ్చాం.

కుప్పంలో ఒకమ్మాయి ఉండేది. పిల్లలు లేరు, చిన్న వయసు. మొగుడు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి పొద్దుగూకినాక తిరిగొస్తాడు. ఇంట్లో ఆమె, అత్త. పగిలిన బిందెల్లో, చేయి విరిగిన బక్కెట్లలో, పాత కుక్కరు గిన్నెల్లో చామంతులు పెంచేది. తెల్లవి, పసుపువి, ఇటుక రంగువి. ఫొటోలో ఆమె చెయ్యి గాని నీడ గాని ఎప్పుడూ పడేది కాదు. పూలు, వాటి వెనక నీళ్ల ట్యాంకు, దూరంగా గుట్ట, అంతే. ఒకసారి విత్తనాలకని మా అంగడికి వచ్చినప్పుడు, "ఇల్లంతా మా అత్తదక్కా, మిద్దె ఒగటే నాది" అంది. నవ్వుతూనే అంది గాని, ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

ఆమె చామంతుల కిందికి ఒకడు వచ్చాడు. పేరు చోట "ప్రకృతి ప్రేమికుడు" అని ఉంది, ముఖం చోట మందారపువ్వు ఉంది. రూలు ప్రకారం ఊరు అడిగాడు, చెప్పింది. పుట్టినిల్లు అడిగాడు, వెంకటగిరికోట అంది. మెట్టినింటి పేరు అడిగాడు, అదీ చెప్పింది. "అరే, మా ఇంటిపేరూ అదే! అయితే మీ ఇంటాయన నాకు అన్న వరస. మీరు వదిన. ఇంగ మొహమాటం లేదు" అని రాశాడు. ఆమె రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. హెడ్మాస్టరుగారు కింద "శుభం" అని రాశారు.

వదినంటే మా పక్క వేళాకోళానికి లైసెన్సు. అక్కతో ఆడలేని మాట వదినతో ఆడొచ్చు. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టే ఏరి ఆ వరస పట్టుకున్నాడు.

మొదటి మాట చిన్నదే. "వదినా, ఈ పొద్దు నీళ్లు పోయడానికి లేటుగా వచ్చినారే. చామంతులు పాపం ఎదురుచూసినాయి." తోట మీద ప్రేమ కాబోలు అనుకున్నాను. రెండోది నేను అంగడిలో బెండ విత్తనాలు తూస్తూ చదివాను. "వదినా, ఆకుపచ్చ నైటీ మీద ఆ ఎర్ర టవలు బాగలేదు. నిన్నటి పసుపుదే బాగుండాది." నా చేయి ఆగిపోయింది. ఆమె ఫొటోలో నైటీ లేదు. టవలు లేదు. ఆమే లేదు. ఉన్నవి చామంతులు. "ఏమక్కా, తూకం ఆపేసినావు?" అని ఎదుటి మనిషి అడిగేదాకా నేను ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయాను.

మూడోది మర్నాడు వచ్చింది. "వదినా, అన్న రైలెక్కి పోయినంక ఇల్లు బోసిపోతాదేమో."

హెడ్మాస్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన కళ్లద్దాలు వెతుక్కుని, నిదానంగా చదివి, "టవలు బాగలేదు అన్నాడు, అంతే గదమ్మా. వదినతో ఆ మాత్రం వేళాకోళం ఉంటాది. చిన్నప్పుడు మా వదిన సద్దిలో నేను మిరపకాయ దాచిపెడితే ఇల్లంతా ఒగటే నవ్వు" అన్నారు.

"సార్, మీ వదిన ఎదురుగా మీరుండారు. తిట్టాలన్నా కొట్టాలన్నా ఆమెకు మీరు దొరుకుతారు. ఈమెకు వీడు యాడుండాడో తెలీదు."

"దానికి ఆధారం ఉండాదా? ఒగ చెడ్డమాట చూపించు, తీసేద్దాం."

చెడ్డమాట లేదు. అదే వాడి గొప్ప. బూతులు తిట్టేవాణ్ని తరమడం నాకు వెన్నతో పెట్టిన విద్య. వీడు మర్యాద తప్పడు, వరస తప్పడు, అక్షరం తప్పడు. గ్రూపును నడిపే కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. రెప్పపాటులో జవాబొచ్చింది. ఆ మాటల్లో వాళ్ల నియమాలకు విరుద్ధమైనది ఏదీ కనపడలేదట. మాకు ఇష్టం లేకపోతే ఆ మనిషి మాకు కనపడకుండా చేసుకోవచ్చట. వాడు మాకు కనపడకుండా చేసుకోవచ్చు, నిజమే. ఆమె వాడికి కనపడకుండా ఎట్లా చేసుకోవాలో మాత్రం అందులో లేదు.

ఆ మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది. గొంతు అణుచుకుని మాట్లాడింది.

"అక్కా, గ్రూపులో పెట్టు. చామంతులు ఎవురికి కావాలన్నా ఇచ్చేస్తాను, బిందెలతో సహా తీసకపోమను. నేనింగ మిద్దె ఎక్కలేనక్కా. బట్టలు కూడా లోపలే ఆరేస్తాండాను."

"మీ ఆయనకు చెప్పు."

"ఏమని చెప్పేది? వాడు పాడుమాట అనింటే చెప్పేదాన్ని. నైటీ రంగు చెప్పినాడని చెప్పేదా? మా అత్తకు తెలిస్తే ఫోను తీసుకుంటాది, మిద్దెకు తాళం ఏస్తాది. ఆమె ఏసేలోపల తోట నేనే తీసేస్తే పోతాది."

న్యాయం లేదు, గీయం లేదని వాడి మాటలన్నీ తీసి పారేశాను. వాడు వెంటనే గ్రూపులో పెద్ద ఉత్తరం రాశాడు. "వదినా అని నోరారా పిలిచినందుకు శిక్షా? మన వరసలు, మన సంస్కృతి యాడికి పోతాండాయి?" దాని కింద సానుభూతి వరద. పద్యం రాసినాయన ఇంకో పద్యం రాశాడు. హెడ్మాస్టరుగారు నాకు ఫోన్ చేసి, నన్ను క్లాసులో బెంచీ ఎక్కించినంత పని చేశారు.

అంతా విని, "సార్, ఒక్కసారి ఆ మిద్దె ఎక్కి చూడండి. దిగినాక మీరేం చెప్తే అది" అన్నాను. ఆయనకు ఆ వారంలోనే వెంకటగిరికోటలో ఒక పెళ్లి ఉంది. పెళ్లి చూసుకుని, అటునుంచి అటే కుప్పం వెళ్దామన్నారు. నేను పుంగనూరులో ఆయన కారెక్కాను.

తోట చూడటానికి అడ్మిన్లు వస్తున్నారని ఆ అమ్మాయి ఇంట్లో చెప్పి పెట్టింది. అత్త వాకిట్లో కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది. పెద్ద గొంతు, పెద్ద బొట్టు, మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఉంది. "పోండి, పైకి పోయి సూడండి. ఆ మన్నులో ఏముండాదో మా కోడలికి, మీకు. నాకు మెట్లెక్కే శక్తి లేదు" అంది.

మిద్దె మీద చామంతులు సగం ఎండిపోయి ఉన్నాయి. బక్కెట్లలో మన్ను నెర్రెలు విచ్చింది. ఆ అమ్మాయి మెట్ల గదిలోనే గోడకు ఆనుకుని నిలబడింది. "మీరు సూడండి సార్, నేను ఈడే ఉంటాను" అంది. తన మిద్దె మీదికి తను రాలేక, ఇతరులను పంపించి గడపలో నిలబడిన ఆ పిల్లను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

చుట్టూ ఎటు చూసినా మిద్దెలే. ట్యాంకులు, ఆరేసిన బట్టలు, కిటికీలు, సగం కట్టి వదిలేసిన గోడలు. హెడ్మాస్టరుగారు పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, గొడుగు విప్పుకుని, నెర్రెలిచ్చిన మన్ను ముందు వంగి, నీటి యాజమాన్యం గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. మధ్యలో ఆయన ఫోన్ మోగింది. గ్రూపులోకి ఏదో వచ్చింది. అలవాటుగా పైకి చదివారు.

"వదినా, ఇంటికి చుట్టాలొచ్చినట్టుండాది. తెల్ల పంచె పెద్దాయన ఎవురు? గొడుగు ఈ పక్కకు పట్టుకోమనండి, ఎండంతా వీపు మీద..."

గొంతు అక్కడ ఆగింది. ముందు ఎగ్గట్టిన పంచె దించుకున్నారు. గొడుగు కుడిపక్కకు అడ్డం పెట్టారు. తరువాత ఎడమపక్కకు. ఎటు పెట్టినా మూడు పక్కలు ఖాళీగా ఉన్నాయి. చివరికి గొడుగుతో సహా ట్యాంకు వెనక్కి వెళ్లి నిలబడ్డారు. ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఆయన చదవలేదు, నేను చదివాను.

"ట్యాంకు వెనక్కి యాల పోయినారు సార్? ఆడ పాచి ఉంటాది, జారతారు."

నాకు లోపల ఒక్క క్షణం పండగ. ఇన్నాళ్లూ ఆధారం అడిగిన మనిషి నెత్తినే ఆ ఆధారం వచ్చి కూర్చుంది కదా అని. మరుక్షణం వాడు నన్నూ చూస్తున్నాడని తట్టి కొంగు నిండా కప్పుకున్నాను.

"అమ్మా, వీడు నన్ను సూస్తాండాడు!" అని ట్యాంకు వెనక నుంచి హెడ్మాస్టరుగారి కేక.

"చామంతులు మొగ్గ ఏసిన కాడ నుంచి నన్ను సూస్తాండాడు సార్" అంది ఆ అమ్మాయి మెట్ల గదిలో నుంచి.

ఆయన ఫోన్ నొక్కి, నొక్కి, "తీసేసినా! గ్రూపులో నుంచే తీసేసినా! ఇంగ రాడు" అన్నారు.

"గ్రూపులో నుంచి తీసేసినారు సార్. ఈ మిద్దెల మీద నుంచి ఎట్ల తీస్తారు?" అని ఆ అమ్మాయి అడిగింది.

అంతలో మెట్ల మీద మూలుగు వినిపించింది. కేక విని అత్త ఎక్కివస్తోంది, ఒక చేతిలో మజ్జిగ చెంబు, ఒక చేయి గోడ మీద. ఆ అమ్మాయి గోడకు ఇంకా అతుక్కుపోయింది.

"ఏందది? ఎవురు ఎవుర్ని సూస్తాండారు?"

బళ్లో పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పీ చెప్పీ ఆ జబ్బు తనకే పట్టుకున్న హెడ్మాస్టరుగారు చెప్పేశారు. "మీ కోడల్ని వదినా అని పిలుస్తా ఒగడు ఫోన్లో... ఏ నైటీ ఏసుకునిందో, ఎప్పుడు నీళ్లు పోసిందో, అన్నీ రాస్తాండాడమ్మా."

అత్త మజ్జిగ చెంబు పిట్టగోడ మీద పెట్టింది. "వదినా? నా కోడల్నా? అంటే నా కొడుక్కు వాడు తమ్ముడా?"

"వరసకు అట్లే అయితాది" అన్నారాయన, అలవాటు చొప్పున.

"నాకు ఒగడే కొడుకు సార్. వాణ్ని కనేటప్పుడే సచ్చి బతికినా. రెండోవాణ్ని యాడ కన్నానో నాకే తెల్దే!" అని, కోడలి వైపు తిరిగింది. "ఏమ్మే, యాల సెప్పలేదు?"

"మిద్దెకు తాళం ఏస్తావని."

అత్త ఎండిన చామంతుల వైపు చూసింది. తరువాత, "ఏసిందునేమో" అంది.

మా పక్క ఇంట్లో కోడి పోతే ఆడవాళ్లు వీధిలో నిలబడి దొంగను తిడతారు. దొంగ ఎవరో తెలియనక్కర్లేదు, తిట్లు వాటంతట అవే ఆ ఇల్లు వెతుక్కుంటూ పోతాయి. అత్త చీర కొంగు నడుముకు దోపి పిట్టగోడ దగ్గరికి పోతుంటే, ఆ తిట్లే వస్తాయనుకుని చెవులు సిద్ధం చేసుకున్నాను. ఆమె తిట్టలేదు, పిలిచింది.

"ఒరే, రెండో కొడకా! యాడుండావురా? మీయమ్మను వచ్చినా, బయటికి రారా! తల్లికి కనపడకుండా మిద్దెల మీద దాక్కునే కర్మ నీకేమొచ్చెరా? దిగిరా, సంగటి పెడతాను! నా మోకాళ్లకు నూనె రుద్దుదువు రా! కొళాయి నీళ్లొచ్చినాయి, బిందెలు మోద్దువు రా! మీ వదిన మోసింది సాలు, ఇంగ నువ్వు మొయ్యి!"

ఒక్కో మిద్దె మీదికి ఒక్కో తల వచ్చింది. బట్టలు తీస్తున్న ఒకామె అడిగింది. "ఏమి పెద్దమ్మా, ఎవుర్ని పిలుస్తాండావు?"

"నా రెండో కొడుకునమ్మా! తప్పిపోయినాడు! ఫోన్లో నా కోడలి నైటీ రంగు సెప్తాడంట, అంత గుణవంతుడు! మీ ఇంట్లో ఏమన్నా ఉండాడేమో సూడు!"

"మా ఇంట్లో లేడు పెద్దమ్మా, పక్కింట్లో అడుగు!" అని ఆమె. పక్కింటామె ఇంకో ఇంటికి చెప్పింది. మిద్దె నుంచి మిద్దెకు నవ్వులు పాకాయి. నవ్వుతూనే ఒక్కొక్కరూ కిందికి దిగిపోయారు. ఆ సాయంత్రం ఆ వీధిలో ప్రతి ఆడమనిషీ తన ఇంట్లో మగవాడి చేతిలోని ఫోన్ వైపు ఒకసారి చూసి ఉంటుంది. ఏ ఇంట్లో ఏం దొరికిందో మాకు తెలియదు. మందారపువ్వు మాత్రం మేము కారెక్కేలోపలే ఖాతాతో సహా మాయమైపోయింది.

దారిలో హెడ్మాస్టరుగారు గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వెంకటగిరికోట దాటినాక, "ఆ వరస రూలు తీసేద్దామమ్మా. మొక్క గురించి మాత్రమే మాట్లాడాలని పెడదాం" అన్నారు. పెట్టాం. మర్నాడే ఒకడు, "మొక్క గురించే అడుగుతాండాను, ఈ మొక్కను పెంచే చేతికి ఏ ఎరువు వేస్తారు?" అని రాశాడు. ఈసారి ఆయన నన్ను అడక్కుండానే తీసేశారు.

చామంతులు మళ్లీ పూసిన కాలానికి కుప్పం నుంచి ఫొటో వచ్చింది. బిందెల నిండా పూలు. వాటి వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీలో అత్త కూర్చుని ఉంది, పూలకు వీపు పెట్టి, ముఖం ఎదుటి మిద్దెల వైపు తిప్పి. కోడలు నీళ్లు పోసే వేళకు రోజూ ఎక్కి కూర్చుంటుందట. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే మంటా పుట్టింది. ఒక ఆడపిల్ల తన మిద్దె మీద తన చెట్టుకు చెంబుడు నీళ్లు పోసుకోవాలంటే, మోకాళ్లు పనిచేయని ఇంకో ఆడమనిషి రోజూ మెట్లెక్కాలా?

కింద ఎవరో అడిగారు. "పూలు బాగుండాయి. ఆ కుర్చీలో పెద్దామె యాల అటు తిరిగి కూచునింది?"

ఆ అమ్మాయి జవాబు రాసింది. "మా అత్త. రెండో కొడుకు కోసం ఎదురుసూస్తాండాది."